సున్నా రాసిన రోజు

ఉత్తరం 112
ఇంట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర
ఫిబ్రవరి 9, ఉదయం 8.50. మబ్బు లేదు, గాలి లేదు.

చిలకకు అమ్మమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న చేరింది. తేదీ వెయ్యలేదు. కవరు మీద ముద్ర చూసి ఐదు రోజుల కిందటిదని పుస్తకంలో రాసుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు వచ్చినా ఉత్తరానికి తేదీ వెయ్యని మనిషి ఆసుపత్రి కాగితాలు ఎలా నింపుతుందో నాకు అంతుపట్టదు.

మీ మేడం సంతకం పెడితే జూలై ఒకటి నుంచి సొంతంగా మనుషుల్ని చూడవచ్చని, నీకంటూ ఒక గది ఇస్తారని రాశావు. సంతోషం. ఏడేళ్ళ చదువుకి ఒక గది న్యాయమే. అయితే నువ్వు చేసే పనేమిటో ఇంతవరకూ నాకు సరిగ్గా చెప్పలేదు. వీధి చివర మందుల షాపాయన అడిగితే "మనసు డాక్టరు" అన్నాను.

"మందులు రాస్తుందా అండీ?"

"రాయదు. వింటుంది."

"వినడానికి డాక్టరెందుకు? పొద్దున్నించీ నేను చేసేది అదే కదా! దగ్గు మందుకని వచ్చి కోడలి సంగతులు చెప్పి పోతారు."

జవాబు చెప్పకుండా ఒక షాపులోంచి బయటికి రావడం నాకు అలవాటు లేదు. కాబట్టి నువ్వు ఏం చేస్తావో, ఎంతసేపు చేస్తావో, ఎలా చేస్తావో వివరంగా రాయి. ముప్ఫై నాలుగేళ్ళు వాతావరణ కేంద్రంలో రోజూ ఎనిమిదిన్నరకి వాన గేజి కొలిచి రిజిస్టరులో ఎక్కించిన దాన్ని నేను. మాకు చేరిన మొదటి రోజే చెప్పారు: చూసింది రాయి, అనుకున్నది రాయకు. నువ్వూ అలాగే రాయి.

రెండో సంగతి. మీ నాయనమ్మ గారు ఎలా ఉన్నారని వరసగా ఆరు ఉత్తరాల్లో అడిగాను. ఆరింటిలోనూ "బాగానే ఉంది" అని రాశావు. అది రీడింగు కాదు. ఫోన్‌లో అడిగి తెలుసుకోవచ్చు కదా అంటుంది మీ అమ్మ. ఫోన్‌లో అన్న మాట గాలికి పోతుంది. రేపు ఎవరైనా కాదంటే చూపించడానికి ఏమీ ఉండదు.

మోకాలు ఎప్పటిలాగే ఉంది. కళ్ళజోడు మార్చాను.

అమ్మమ్మ


క్లినిక్, రెండో అంతస్తు
ఫిబ్రవరి 17, మధ్యాహ్నం 1.10 (టైము కూడా వేశాను, చూసుకో)

అమ్మమ్మా,

గది చిన్నది. మెత్తటి కుర్చీలు రెండు, మామూలు కుర్చీ ఒకటి, కాగితపు రుమాళ్ళ పెట్టె, ఒక గడియారం. గడియారం వచ్చినవాళ్ళ వెనక గోడకి ఉంటుంది, నాకు మాత్రమే కనబడేలా. మనిషికి యాభై నిమిషాలు. రాగానే ఒక ఫారం ఇస్తాం. "మీ బాధ సున్నా నుంచి పది వరకు ఎంత?" అని ఉంటుంది అందులో. ఒకావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాధేం లేదమ్మా, వీపు మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది, అంతే" అంది. ఫారంలో వీపుకి గడి లేదు. మార్జిన్లో రాశాను.

మందుల షాపాయనకి ఇలా చెప్పు. నాయనమ్మ ఇంట్లో "ఎలా ఉన్నావు" అని అడిగితే నలభై నిమిషాలు చెబుతారు, ఏడుస్తారు, ఏడ్చాక ఆకలేస్తోందంటారు. మన ఇంట్లో అదే ప్రశ్నకి "బాగానే" అంటారు. నేను ఈ రెండు పద్ధతుల మధ్యా పెరిగాను. ఎవరైనా "బాగానే" అంటే దాని కింద ఎన్ని అడుగుల నీళ్ళున్నాయో నాకు కొంత తెలుస్తుంది. ఎవరైనా గొల్లున ఏడిస్తే కంగారు పడకుండా కూర్చోవడమూ తెలుసు. ఈ రెండూ కాలేజీలో నేర్పినవి కావు. సీటుకి దరఖాస్తు చేసేటప్పుడు కూడా అదే రాశాను: చిన్నప్పుడు అమ్మమ్మ, నాయనమ్మల మధ్య, వాళ్ళ రెండు భాషల మధ్య వంతెనలా పెరిగాను, అందుకే ఈ పనికి వస్తానని. ఆ వాక్యం చూసే సీటు ఇచ్చామని మేడం ఇప్పటికీ అంటుంది.

నాయనమ్మ రీడింగు: వయసు ఎనభై నాలుగు. అత్త దగ్గరే ఉంటుంది. చెవులు బాగా వినిపిస్తాయి. నాలుగు కిలోలు తగ్గింది. రోజుకి ఒకసారి తాతయ్య ఫోటో ముందు గట్టిగా ఏడుస్తుంది, తర్వాత బాగా తింటుంది. ప్రతి ఆదివారం వెళ్తున్నాను.

ఇంకొకటి. ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. నా దగ్గరకి ఒక పెద్దాయన, ఆయన కూతురు వస్తారు. ఆయనకి మన భాష తప్ప రాదు. ఆ అమ్మాయి ఇక్కడే పెరిగింది, మన భాష ఆమెకి ముక్కలు ముక్కలుగా తప్ప అర్థం కాదు. నాకు రెండూ వచ్చు కాబట్టి వాళ్ళని నాకే ఇచ్చారు. ఒకరి మాట ఒకరికి చెప్పేది నేనే, మధ్యలో నా పని చేసేదీ నేనే. మూడు వారాల కిందట ఆయన అన్న ఒక మాట ఆ అమ్మాయికి చెప్పకుండా మింగేశాను. ఎవరికీ తెలియదు. మేడంకి మన భాష రాదు, రికార్డింగు విన్నా తెలియదు. మాటల్ని మెత్తబరచడం నాకు చిన్నప్పటి అలవాటు. పెద్ద విషయమేమీ కాదేమో. అయినా ఆ రోజు నుంచి ఆ గదిలోకి వెళ్ళాలంటే చెయ్యి తలుపు పిడి మీదే ఆగిపోతోంది.

నీ చిలక


ఉత్తరం 113
ఇంట్లో, అదే బల్ల
ఫిబ్రవరి 26, ఉదయం 9.05. తెల్లవారాక చినుకులు, కొలవడానికి చాలవు.

చిలకా,

ముందు తిట్లు, తర్వాత మిగతావి.

నీ దగ్గర కూర్చుని చెప్పుకున్నవాళ్ళ సంగతి నాకెందుకు రాశావు? పేర్లు రాయలేదంటావు. పేర్లు లేకపోతే మాత్రం వాళ్ళు వాళ్ళు కాకుండా పోతారా? ఆ కాగితం ఎన్ని చేతులు మారి నా దగ్గరకి వచ్చిందో ఆలోచించు. ఆ నాలుగు వాక్యాల మీద, వీపు ఆవిడ మీద కూడా, నల్ల సిరా పూశాను. ఇకమీదట వాళ్ళ గురించి ఒక్క ముక్క కూడా వద్దు. తప్పు నీది. నీ తప్పు చెప్పడానికి వాళ్ళ కథ అక్కర్లేదు.

గడిలో పట్టనిది మార్జిన్లో రాయడం మంచి పని. మా రిజిస్టరులో వడగళ్ళకి గడి ఉండేది కాదు. నేనూ మార్జిన్లోనే రాసేదాన్ని. బాధని సున్నా నుంచి పది వరకు లెక్కన చెప్పమంటున్నారట, ఏ గేజితో కొలుస్తారో మీ మేడంని అడుగు. మందుల షాపాయనకి నీ జవాబు చదివి వినిపించాను. "అయితే మీ మనవరాలు 'బాగానే' అన్నవాళ్ళని నమ్మదన్నమాట" అన్నాడు. "ఎలా ఉన్నావయ్యా?" అన్నాను. "బాగానే" అని లోపలికి వెళ్ళిపోయాడు. వాళ్ళావిడకి ఒంట్లో బాగాలేదని తర్వాత తెలిసింది.

ఇక అసలు సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన ఉండేవారు. గొడుగు గారు అనేవాళ్ళం. వాన ఎక్కువగా ఉన్న రోజు ఆయన గేజి దగ్గరికి వెళ్ళేవారు కాదు. గదిలో కూర్చుని, కప్పు మీద చప్పుడు విని, పద్దెనిమిది మిల్లీమీటర్లు అని రాసేసేవారు. రెండేళ్ళు ఎవరూ పట్టుకోలేదు. ఎలా పట్టుకుంటారు? ఆయన డ్యూటీ రోజున కొలవడానికి అక్కడ ఇంకొకరు ఉండేవారు కాదు. నీ గదిలో రెండు భాషలూ తెలిసినది నువ్వొక్కదానివే. ఎవరికీ తెలియదు కాబట్టి పెద్ద విషయం కాదంటున్నావు. ఎవరికీ తెలియదు కాబట్టే పెద్ద విషయం.

ఒక్క ప్రశ్న. మింగిన మాట చేదుదా, తీపిదా? అది నువ్వు రాయలేదు. మెత్తబరిచానని అన్నావు కాబట్టి చేదుదేనని నేను అనుకుంటానని నీ ఉద్దేశం. నేను అనుకోను. అడుగుతున్నాను.

అమ్మమ్మ


బస్సులో, ఒళ్ళో బ్యాగు మీద పెట్టుకుని
మార్చి 8, సాయంత్రం 5.40

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివాను. చేదా తీపా అని అడగడానికి నేను వంటింట్లో లేను, పనిలో ఉన్నాను. మాట వదిలేశాను, తప్పు తప్పే, అది ఏ రుచి అయితే ఏమిటి? ఈ నెలలో తొమ్మిది మందిని చూశాను, అందరి కాగితాలూ తేదీలతో సహా సరిగ్గా ఉన్నాయి. మేడం నిన్న నన్ను మెచ్చుకుంది కూడా. జూలైలో గది వస్తుంది, కిటికీ ఉన్న గది. ఈ ఒక్క మాట కోసం అదంతా పాడుచేసుకోమంటావా? నువ్వు కొలిచింది వాన. వానకి అమ్మానాన్నలుండరు, సంతకాలు అక్కర్లేదు. నీకు రాసేటప్పుడు ఒక్కసారైనా "పోనీలే" అంటావేమో అనుకున్నాను. ఎప్పుడైనా అన్నావా? స్టాపు వచ్చింది, దిగుతున్నాను.

చిలక


ఉత్తరం 114 (కార్డు)
ఇంట్లో
మార్చి 15, ఉదయం 8.45. పొడి.

చిలకా,

నీ ఉత్తరం చేరింది. పదమూడు వాక్యాలు. ప్రశ్నకి జవాబు లేదు.

"పోనీలే" అని నీతో రెండుసార్లు అన్నాను. తేదీలు కావాలంటే ఇస్తాను.

మోకాలికి కట్టు కట్టారు.

అమ్మమ్మ


నా ఇంట్లో, వంటింటి బల్ల
ఏప్రిల్ 2, ఆదివారం ఉదయం 10.20

అమ్మమ్మా,

తీపిది.

ఏమిటో రాయను, అది వాళ్ళది. ఒకరు ఎన్నో ఏళ్ళుగా వినాలని ఎదురుచూసిన మాట, ఇంకొకరు మొదటిసారి అన్నారు. అది ఎదుటి మనిషి వైపు చూసి అనలేక, నా వైపు తిరిగి అన్నారు. గడియారంలో ఇంకా ఏడు నిమిషాలు ఉంది. "ఏమంటున్నారు?" అని అడిగారు రెండోవారు. నేను, "కొంచెం అలసటగా ఉందంటున్నారు" అన్నాను.

అలసట నాది. వాళ్ళ నోట్లో పెట్టాను.

అప్పటికి నలభై మూడు నిమిషాలుగా ఇద్దరి మాటలూ నా నోటితోనే మాట్లాడుతున్నాను. నేను "నేను" అన్న ప్రతిసారీ అది వాళ్ళలో ఎవరిదో ఒకరిది. ఈ మాట కూడా అందిస్తే ఇద్దరూ ఏడుస్తారు, ఆ ఏడుపు కూడా అటుది ఇటు, ఇటుది అటు మోయాలి అనిపించింది. ఒంట్లో ఓపిక లేదు. అంతే. మెత్తబరచడం కాదు, మంచితనం కాదు. దించేసుకున్నాను.

నీ ప్రశ్నకి అంత కోపం ఎందుకొచ్చిందో రెండు వారాలు ఆలోచించాను. నువ్వు అడిగింది ఆ గది గురించే. నాకు గుర్తొచ్చింది మాత్రం మన పాత ఇంటి గుమ్మం.

నాకు తొమ్మిదేళ్ళు. తాతగారు పోయాక, ఉద్యోగం అయిపోయాక నువ్వు మా ఇంటికి వచ్చావు. అదే ఏడు నాయనమ్మ కూడా వచ్చింది, ఆవిడకీ తాతయ్య పోయారు. అమ్మానాన్న పొద్దున్న వెళ్తే సాయంత్రానికి గానీ రారు. ఇంట్లో ఒకరి భాష ఒకరికి రాని మీరిద్దరూ, మధ్యలో నేను. విన్నది విన్నట్టు అంటానని నాకు చిలక అని పేరు పెట్టింది నువ్వే. కానీ నేను చిలకని కాదు అమ్మమ్మా. నువ్వు "ఆ కిటికీ అస్తమానం ఎందుకు తెరుస్తుందో అడుగు" అంటే, నేను నాయనమ్మతో "అమ్మమ్మకి చలిగా ఉందట" అనేదాన్ని. నాయనమ్మ "మీ అమ్మమ్మకి గుండె ఉందా, రాయి ఉందా?" అంటే, నీతో "నీ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతోంది" అనేదాన్ని. వంతెన అని దరఖాస్తులో గొప్పగా రాసుకున్నది దీన్నే.

ఒకరోజు భోజనాల దగ్గర నాయనమ్మ ఏడ్చింది. నువ్వు, "పిల్ల ముందు ఏడవద్దని చెప్పు" అన్నావు. ఆ మాట చెప్పాల్సింది ఆ పిల్లే. చెప్పాను. అది ఒక్కటీ మెత్తబరచలేదు, ఎలాగో తెలియలేదు. నాయనమ్మ, "ఏడవకుండా ఎలా బతుకుతోందో నాకూ నేర్పమను" అంది. అదీ చెప్పాను. మర్నాడే నువ్వు పెట్టె సర్దుకున్నావు.

గుమ్మం దగ్గర నాయనమ్మ నీ చెయ్యి పట్టుకుని ఒక మాట అంది. నువ్వు నన్ను చూశావు. నేను, "ఏమీ లేదు అమ్మమ్మా, జాగ్రత్తగా వెళ్ళమంటోంది" అన్నాను. ఆవిడ అన్నది అది కాదు. వెళ్ళొద్దని అంది. ఇంకా ఏదో అంది, అది సరిగ్గా గుర్తులేదు. ఆ మాట చెబితే నువ్వు ఉండిపోతావేమో అనిపించింది. ఉండిపోతే రేపు మళ్ళీ ఆ బల్ల దగ్గర నిలబడాలి. మీలో ఒకరు వెళ్ళిపోతే ఇంక నేను ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. నువ్వు వెళ్ళావు. ఆ సాయంత్రం చాలా హాయిగా ఆడుకున్నాను.

ఇరవై రెండేళ్ళు. నువ్వు మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. ప్రతి ఉత్తరంలో ఆవిడ ఎలా ఉందని అడుగుతావు. ప్రతిసారీ "బాగానే" అని రాస్తాను.

నీ మనవరాలు


ఉత్తరం 115
ఇంట్లో, బల్ల దగ్గర. పాత పుస్తకం తెరిచి ఉంది.
ఏప్రిల్ 11, ఉదయం 8.30. రాత్రి కురిసిన వాన 6 మి.మీ. ఉంటుంది. అంచనా, కొలత కాదు.

చిలకా,

ఉద్యోగం మానేసినా రోజు పుస్తకం రాయడం నేను మానలేదు, నీకు తెలుసు. ఇరవై రెండేళ్ళ కిందటి పుస్తకం అటక మీంచి దింపించాను. మోకాలి కట్టు వల్ల నేను ఎక్కలేదు, పక్కింటావిడ ఎక్కింది. ఆ రోజు రాసుకున్నది ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను:

"నవంబరు 21. ఉదయం 7.40. గుమ్మం. వదిన గారు చెయ్యి పట్టుకుని నిదానంగా ఏదో అన్నారు, అర నిమిషం. పిల్లని అడిగాను. పిల్ల: ఏమీ లేదు, జాగ్రత్తగా వెళ్ళమంటోంది. ప్రయాణం 8.10 బండి. వాన: సున్నా."

అర నిమిషం అని నేనే రాశాను. జాగ్రత్తగా వెళ్ళమనడానికి ఏ భాషలోనూ అర నిమిషం పట్టదు. ఆవిడ కళ్ళు చూశాను. నీ మొహం చూశాను. ముప్ఫై నాలుగేళ్ళు కొలిచిన దాన్ని, గేజిలో నీళ్ళు కనబడుతూనే ఉన్నాయి. సున్నా రాశాను.

ఎందుకు అంటే, అడిగితే ఉండిపోవాల్సి వచ్చేది. ఉండిపోతే ఆవిడ ఏడుస్తుంటే ఎదురుగా కూర్చోవాలి. మీ తాతగారు పోయిన రోజు ఎనిమిదిన్నర రీడింగు కూడా నా చేతిదే. అలా గడుపుకున్న దాన్ని. ఆవిడ ఏడుపు వింటే నా గేజి పగిలిపోతుందని భయం. నీకు ఓపిక లేక మింగావు. నాకు ధైర్యం లేక అడగలేదు. ఇద్దరిలో యాభై తొమ్మిదేళ్ళు ఉన్నది నాకు.

ఇంకొకటి రాయాలి, ఇది రాయడానికి పొద్దున్నించి మూడుసార్లు కలం మూసి తెరిచాను. ఇద్దరు పెద్ద ఆడవాళ్ళం, చదువుకున్నవాళ్ళం, తొమ్మిదేళ్ళ పిల్లని మధ్యలో నిలబెట్టి పదకొండు నెలలు మాటలు మోయించాం. సామాను మోయిస్తే చూసినవాళ్ళు తిట్టేవారు. మాటలకి బరువు కనబడదు కాబట్టి ఎవరూ తిట్టలేదు. "ఎంత తెలివైన పిల్లో" అన్నారు. నేనూ అన్నాను. అది తప్పు. నాది.

మీ మేడంకి చెప్పాలో వద్దో నన్ను అడగలేదు, నేనూ చెప్పను. మా దగ్గర తప్పు రీడింగు దిద్దే పద్ధతి మాత్రం రాస్తాను. రబ్బరుతో చెరపకూడదు. పైన తెల్ల కాగితం అంటించకూడదు. తప్పు అంకె చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టాలి. పక్కన సరైన అంకె, దిద్దిన తేదీ, దిద్దినవారి సంతకం ఉండాలి. కారణం రాయక్కర్లేదు.

ఆవిడ అన్న మాట పూర్తిగా ఏమిటో నాకు కావాలి.

అమ్మమ్మ


క్లినిక్ వరండా, బెంచీ మీద
మే 16, మధ్యాహ్నం 2.30

అమ్మమ్మా,

ఒక్క గీత కొట్టాను. జరిగింది వరసగా రాస్తాను.

ముందు మేడం దగ్గరికి వెళ్ళాను. ఆవిడది మనదీ ఇక్కడిదీ కాని మూడో భాష, మూడో ఊరు, ఆవిడ కూడా ఎక్కడెక్కడో తిరిగి ఇక్కడికి చేరింది. అంతా విన్నది. తర్వాత, "ఆ ఏడు నిమిషాలప్పుడు ఆ కుర్చీలో నీ వయసెంత?" అంది.

"తొమ్మిది" అన్నాను.

"తొమ్మిదేళ్ళ పిల్లకి నేను సంతకం పెట్టలేను" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. ఇంకో ఆర్నెల్లు ఆవిడ కింద పనిచెయ్యాలి. కిటికీ గది నాతో పాటు చదివిన అమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయి నిన్న నాకు తీపి తెచ్చి పెట్టింది. తిన్నాను. బాగానే ఉంది. (దీని కింద ఎన్ని అడుగులో నువ్వే చూసుకో.)

తర్వాత ఆ ఇద్దరినీ పిలిచాను. క్లినిక్‌లో దుబాసీ ఒకావిడ ఉంది, ఇన్నాళ్ళూ నాకు అక్కర్లేదని వద్దన్నాను. ఈసారి ఆవిడని కూర్చోబెట్టి చెప్పాను: "ఫలానా రోజు మీరన్న ఒక మాట నేను అందించలేదు. వేరే మాట చెప్పాను. తప్పు నాది." కారణం చెప్పబోయి, నీ పద్ధతి గుర్తొచ్చి ఆగిపోయాను. ఆ రోజు కోప్పడ్డారు. కోప్పడాల్సిందే. ఇంక రారనుకున్నాను. మళ్ళీ వారం వచ్చారు. ఇంతకంటే రాయను.

ఇప్పుడు గదిలో నాలుగు కుర్చీలు. మాట అందించేది దుబాసీ. నేను ఎవరి మాటా మోయను. మొదటి రోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడు చూశాను అమ్మమ్మా, మాట ఒకరి దగ్గర నుంచి ఇంకొకరికి వెళ్ళేలోగా వాళ్ళ మొహాల్లో జరిగేదంతా. ఇన్నాళ్ళూ అది నాకు కనబడలేదు, తర్వాతి వాక్యం వెతుక్కుంటూ ఉండేదాన్ని. రెండు భాషలు రావడం వల్ల ఈ పనికి వచ్చాను. ఎప్పుడు నోరు మూసుకోవాలో ఇప్పుడు నేర్చుకుంటున్నాను. దరఖాస్తులోని ఆ వంతెన వాక్యాన్ని మార్చమని మేడం అడగలేదు, నేనే గీత కొట్టి పక్కన రాసిచ్చాను: "ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య మాటలు మోసిన పిల్ల. అలసిపోయింది."

ఇక నాయనమ్మ. నా జ్ఞాపకం మీద నమ్మకం లేక ఆదివారం వెళ్ళి ఆవిడనే అడిగాను. ఆవిడకి గుర్తుంటుందనుకోలేదు.

"గుర్తులేకపోవడమేంటే! ఇరవై రెండేళ్ళు జవాబు కోసం చూశాను. రాలేదు. సరే, ఆవిడకి నేనంటే గిట్టదు కాబోలు అనుకున్నాను" అంది.

నేను జరిగింది చెప్పాను. దగ్గరకి రమ్మని పిలిచి నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసింది. గట్టిగానే. తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చింది. తర్వాత ఆకలేస్తోందంది. తిన్నాక ఆ మాట మళ్ళీ అంది, రాసుకోమంది. రాసుకున్నాను, చదివి వినిపించాను, సరేనంది. మన భాషలో ఇది:

"ఆవిడని వెళ్ళొద్దను. ఆవిడ ఏడవకపోతే ఏడవకపోనీ. పక్కన కూర్చుంటే చాలు, నేను ఏడిచినా ఇద్దరం ఏడిచినట్టు ఉంటుంది."

ఒక్క ముక్క తీయలేదు, కలపలేదు.

చిలక


ఉత్తరం 116
ఇంట్లో, బల్ల దగ్గర
మే 25, ఉదయం 9.40. మబ్బు పట్టింది, ఇంకా కురవలేదు.

చిలకా,

గది పోయినందుకు నాకు బాధగా ఉంది. సున్నా నుంచి పది వరకు చెప్పమంటే చెప్పను. ఆర్నెల్లు అంటే నూట ఎనభై నాలుగు రోజులు, గడుస్తాయి. నీ ఉత్తరంలో ఈసారీ తేదీ, టైము, స్థలం మూడూ ఉన్నాయి. గమనించాను.

నిన్న ఉదయం ఎనిమిదిన్నరకి మీ అత్తకి ఫోన్ చేశాను. అవును, ఫోనే. "వదిన గారికి ఇవ్వమ్మా" అన్నాను. "నేను మధ్యలో ఉండి చెప్పనా అండీ?" అంది పాపం. వద్దన్నాను. ఆ పని ఇంక ఆ ఇంట్లో ఎవరూ చెయ్యనక్కర్లేదు.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఆ పదకొండు నెలల పుస్తకం వెనక పేజీలో నేను వాళ్ళ భాష మాటలు నలభై ఒకటి రాసుకున్నాను. ఉప్పు, నీళ్ళు, చాలు, తలుపు, కూర్చో, పక్కన, అలాంటివి. నీ నోట విని, నువ్వు చూడకుండా రాసుకున్నాను. ఎందుకు చూడకుండా అంటే, వచ్చీరాని మాట మాట్లాడితే ఆవిడ నవ్వుతారని. నిన్న ఆ పేజీ ఎదురుగా పెట్టుకుని, వాటిలో రెండు మాటలు అన్నాను. "పక్కన" అన్నాను. "కూర్చో" అన్నాను.

ఆవిడ నవ్వారు. నేను భయపడినంత నవ్వూ నవ్వారు. తర్వాత ఏడ్చారు. తర్వాత చాలా మాట్లాడారు. ఏమన్నారో నాకు తెలియదు, తెలిసినట్టు రాయను. మధ్యలో నీ పేరు నాలుగుసార్లు, "ఉప్పు" ఒకసారి వినబడ్డాయి. మొత్తం పంతొమ్మిది నిమిషాలు. నేను ఫోను పెట్టెయ్యలేదు, కుర్చీలోంచి లేవలేదు. వచ్చే బుధవారం ఎనిమిదిన్నరకి మళ్ళీ చేస్తాను. మోకాలి కట్టు విప్పాక బండి ఎక్కుతాను. మీ అమ్మకి ఇంకా చెప్పలేదు, గొడవ చేస్తుంది.

ఇక పని. నవంబరు 21 నాటి పేజీలో "ఏమీ లేదు, జాగ్రత్తగా వెళ్ళమంటోంది" అన్నదాని మీద ఒక్క గీత కొట్టాను. చదవడానికి వీలుగానే ఉంది. పక్కన వదిన గారి మాట పూర్తిగా ఎక్కించాను. దిద్దిన తేదీ వేశాను. పరిశీలకురాలి సంతకం నాది, పెట్టాను. నిన్న ఫోను పట్టుకుని ఆవిడతో పాటు నేనూ ఏం చేశానో గడిలో పట్టలేదు, మార్జిన్లో ఉంది, చూసుకో. చూశాక మందుల షాపాయనకి మాత్రం చెప్పకు.

రిజిస్టరులోంచి పేజీ చించకూడదు కాబట్టి పుస్తకం మొత్తం రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. నా సంతకం కింద "నివేదించినవారు" అని చోటు వదిలాను. అది నీది. సంతకం పెట్టి పుస్తకం తిప్పి పంపు.

తేదీ వెయ్యడం మర్చిపోకు.

అమ్మమ్మ